పువ్వు ముడుచుకున్న పదకొండు రోజులు

ఎన్నిసార్లు చెప్పనండీ గణేష్‌బాబు గారూ, ఇవి చెరువు నీళ్ళు కావని? మళ్ళీ ఆ కాగితంలో ‘చెరువు నంబరు’ దగ్గరే పెన్ను పెట్టుకుని కూర్చున్నారు. చెరువూ లేదు, నంబరూ లేదు. మా హాల్లో టీవీ పక్కనున్న గాజు తొట్టిలో నీళ్ళివి. సీసా మూడుసార్లు కడిగే పట్టాను. ఆయన శాంపిల్ ఎలా పట్టేవారో ముప్పై ఏళ్ళు చూశాను, ఆ మాత్రం తెలీదా?

రైతు పేరంటారా? శ్రీరామరాజు గారనే రాయండి. ఎప్పుడూ మీరు రాసేది అదే కదా. కాకపోతే రిపోర్టు ఆయన ఫోనుకి పంపకండి. కాగితం నా చేతికివ్వండి. ఎందుకో తర్వాత చెప్తాను.

అబ్బే, అమ్మోనియా వద్దండి. అది ఆయన ఇంట్లోనే చూసుకుంటున్నారు. ఉప్పు శాతం, పీహెచ్ అన్నీ రోజూ పొద్దున్నా సాయంత్రం చూసి నోటు పుస్తకంలో రాసుకుంటున్నారు. మీరు నాకు ఒక్క రాగి చూసిపెట్టండి చాలు.

అవునండీ, రాగే. ఎందుకలా చూస్తారు? రాగి చూడమని మీ ల్యాబుకొచ్చి ఎవరూ అడగరని నాకూ తెలుసు. ఆ మందు ఉందా లేదా మీ దగ్గర? ఉంది కదా, అయితే చుక్కలు వేయండి. పావుగంట ఆగితే గానీ రంగు తేలదంటారా? ఆగుతాను లెండి.

కూర్చోమంటే ఏం కూర్చోను? పది రోజుల్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. మా ఇంట్లో పనిచేసే చిట్టెమ్మ అడగనే అడిగింది, ఏం పోయిందమ్మగారూ వెతుకుతున్నారు అని. ఏం చెప్పను దానికి? ఏదో లే, అన్నాను.

సరే, రంగు తేలేలోపు చెప్పేస్తాను. తేలాక ఎలాగూ మీరే అడుగుతారు.

ఆయన మూడు పంటలు వరసగా పోగొట్టుకోవడం మీకు తెలిసిందే. అప్పటికే మీరు మా దగ్గర పని నేర్చుకుని ఈ ల్యాబు పెట్టారు కదా. మూడోసారి గట్టు మీద పడిపోయారు, మిట్టమధ్యాహ్నం. మేత చూడ్డానికి ఎత్తిన చెక్‌ట్రే చేతిలో అలాగే ఉంది. బండి మీద మధ్యన కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది మీరే. గుండెకి స్టెంటు వేశారు, డాక్టరు గారు ఇక గట్టు ఎక్కొద్దన్నారు. అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. లోపల మాత్రం ఎంత హాయిగా ఉందో, మీకెందుకు దాచాలి? రొయ్యల చెరువంటే దినదినగండం నూరేళ్ళాయుష్షు. నీళ్ళకి గాలి కొట్టే ఆ ఏరేటరు చప్పుడు ఆగితే నా గుండె ఆగేది. ముప్పై ఏళ్ళ తర్వాత ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేకుండా పడుకున్నానండి.

కానీ మీకు తెలియంది ఒకటుంది. ఆయన్ని గుండె పడెయ్యలేదు, మాట పడేసింది. రాజుగారికి హస్తవాసి పోయిందన్నారు ఊళ్ళో. ఎవరన్నారో కూడా ఆయనకి తెలుసు. చూపుడువేలు నీళ్ళలో ముంచి నాలిక మీద పెట్టుకుని ‘ఉప్పు పన్నెండు’ అంటే మీ మీటరు పన్నెండు చూపించేది కదా? అలాంటి మనిషి ఆ మాట విన్నాక చెరువు వైపు వెళ్ళే దారి కూడా మానేశారు. మీ ల్యాబు మెట్లు ఎక్కనన్నదీ అందుకే. మీ మీద కోపం అనుకున్నారేమో, అది కాదు. సిగ్గు.

అప్పుడు మా హైమ రాజమండ్రి నుంచి ఈ తొట్టి తెచ్చింది. మా అమ్మాయి మీకు తెలుసు కదా. నాన్నకి పొద్దుపోతుందని ఎర్రచేపలు వేసి ఇచ్చింది. ఆయన వారం రోజులు చూసి, ఇదేం నీళ్ళు, చప్పిడి కూడు తిన్నట్టుంది అన్నారు. చేపలు పక్కింటి వాళ్ళకి వెళ్ళాయి. సముద్రం ఉప్పు పాకెట్లు వచ్చాయి. ఫిల్టరు నీళ్ళలో ఆ ఉప్పు కలిపి, నెల రోజులు ఖాళీ తొట్టిలో ఆ నీళ్ళే తిప్పారు. ఖాళీ తొట్టండీ! నీళ్ళు పండాలట. చెరువు కట్టేటప్పుడూ అంతే అనేవారు కదా, నీళ్ళు పండకుండా సీడ్ వెయ్యకూడదని, రొయ్యపిల్ల బతకదని.

నీళ్ళు పండాక వైజాగ్ వెళ్ళి ఆ పువ్వుని తెచ్చారు. సీ ఎనిమోన్ అంటారట, నాకు నోరు తిరగదు, పువ్వంటాను. పువ్వు కాదు మాణిక్యం, జంతువు, దానికి నోరుంది, రాయిని పట్టుకునే కాలుంది అని ఆయన. సీడ్ తెచ్చినట్టే ఆక్సిజన్ కవర్లో, థర్మాకోల్ పెట్టెలో తెచ్చారు. కవరు తొట్టిలో తేలేసి, చెంబుతో కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ రెండు గంటలు స్టూలు మీంచి లేవలేదు. కాఫీ చల్లారిపోయింది. ఇంకో కాఫీ ఇచ్చాను, అదీ చల్లారిపోయింది.

ఇక చూడండి దాని వైభోగం. దానికి నీలం లైటు. దానికి ఎండాకాలంలో ప్రత్యేకంగా ఓ ఫ్యాను, నీళ్ళు ఇరవై ఆరు దాటకూడదట. కరెంటు పోతే ఇన్వర్టరు ముందు దానికి, తర్వాత నాకు. మొదట్లో అది ఊరుకునేది కాదండి, నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తుందట. నడుస్తూ నడుస్తూ నీళ్ళు తోసే మోటారు దగ్గరికి పోతే ముక్కలైపోతుందని ఆ మోటారు నోటికి స్పాంజి కుట్టారు. ఎవరు కుట్టారు? నేనే. నాలుగు రోజులకోసారి గోరంత పచ్చి రొయ్య ముక్క. ఎవరు తరిగిపెట్టారు? అదీ నేనే. మన రొయ్యల్ని తినేది ఇదొక్కటే మిగిలింది అని ఓ రోజు నవ్వారు. పడిపోయాక అదే మొదటిసారి నవ్వడం.

ఫోనండి. ఆయనే. మోగనివ్వండి, తర్వాత మాట్లాడతాను.

పిల్ల చేప ఒకటి, నారింజ రంగుది, అందులోనే కాపురం. ఆ పువ్వు విచ్చుకుంటే నా పళ్ళెమంత ఉండేది. ఎనిమిది నెలలు అలా విచ్చుకునే ఉంది. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికొచ్చేవారు. ఎవరో అన్నారు, సముద్రంలో బతికేదాన్ని హాల్లో బతికించారు, మీ చెయ్యి ఎక్కడికి పోతుందండీ అని. నేను కాఫీలు తెస్తున్నాను, చేతిలో పళ్ళెం. ఆయన మొహం చూశాను. అప్పుడే భయం పుట్టింది నాకు.

మొన్న శివరాత్రి వెళ్ళిన మర్నాడు చెప్పారు. ‘దీన్ని బతికించినవాడు రొయ్యని బతికించలేడా? ఒక్క చెరువు వేస్తాను మాణిక్యం. ఒక్కటే.’ అప్పటికే హేచరీకి ఫోన్ చేసి సీడ్ రాయించేశారు. నాతో చెప్పడం ఆఖర్న.

నేనేం అన్నాననుకున్నారు? ఆయన అంత సంతోషంగా ఉంటే వద్దనడానికి నోరెలా వస్తుంది? వంటింట్లోకి వెళ్ళి ఆ గట్టు, ఆ చెక్‌ట్రే, బండి మీద వేలాడే ఆయన తల, అవే కళ్ళ ముందు. పాలు పొంగిపోయినా తెలీలేదు.

మా పుట్టిల్లు కొవ్వూరు. రైలు వంతెన ఎక్కగానే మా అమ్మమ్మ కొంగు ముడి విప్పి రాగి పైసా తీసి నా చేత గోదాట్లో వేయించేది. రాగి నీళ్ళని శుభ్రం చేస్తుంది, గోదారమ్మ కోరిక తీరుస్తుంది, ఒక్క పైసాతో రెండు పనులు అనేది. ఆవిడ పోయాక ఆ పాత పైసాల మూట నాకొచ్చింది. వంతెన దాటినప్పుడల్లా ఒకటి వేస్తాను. హైమకి మంచి సంబంధం రావాలని ఒకటి వేశాను, వచ్చింది. ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికి రావాలని ఒకటి వేయించాను, వచ్చారు. నాకు నమ్మకం లేకుండా ఎలా ఉంటుందండీ?

ఆ రోజు వంతెన దాకా వెళ్ళే ఓపిక లేదు, ఆగే ఓపికా లేదు. తొట్టిలో ఉన్నవీ నీళ్ళే కదా అనుకున్నాను. గోదారమ్మ పోయి కలిసేది సముద్రంలోనే కదా, ఇది సముద్రం నీళ్ళే కదా అనుకున్నాను. ఆయన స్నానానికి వెళ్ళగానే మూత ఎత్తి, తల్లీ, ఈయన మళ్ళీ గట్టు ఎక్కకుండా చూడు అని దణ్ణం పెట్టుకుని, వెనక రాయి సందులో పైసా జారవిడిచాను. ఇసుకలోకి దిగిపోయింది.

ఒట్టండి. అప్పటికి నాకేం తెలీదు. మా ఇంట్లో తాగే నీళ్ళు కూడా రాగి బిందెలోవే. రాగి చెడ్డదని ఎవరనుకుంటారు?

నాచు తింటాయని ఆయన రెండు నత్తల్ని కూడా వేశారు లెండి, నాలుగో రోజు ఆ రెండూ గాజు మీంచి రాలిపోయాయి. సాయంత్రానికి పువ్వు ముడుచుకుంది. చేప మాత్రం నిక్షేపంలా తిరుగుతోంది. ఆయన స్టూలు వేసుకుని చాలాసేపు చూసి, నన్ను పిలిచారు.

‘నత్తలు పోయి చేప బతికిందంటే ఇది మైలుతుత్తం కొట్టిన చెరువులా ఉంది మాణిక్యం. రాగి ఏమైనా తగిలిందా ఇందులో? రవ్వంత తగిలినా ఈ పువ్వు బతకదు.’

చూశారా? చెయ్యి పోలేదండి ఆయనకి, ఏమీ పోలేదు. ఒక్క చూపుకి చెప్పేశారు.

నేనేమన్నానో తెలుసా? ‘రాగి ఎక్కణ్ణుంచి వస్తుందండీ, లేదు’ అన్నాను.

అదిగో, మీ మొహం మారింది. మారాలి లెండి. అప్పుడే చెయ్యి పెట్టి తీసేయొచ్చు. తీసి, పొరపాటైపోయిందండీ అంటే ఆయన నవ్వేసేవారు కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో మనసులో ఇంకో మాట వచ్చింది. మొక్కు తీరుతోంది కదా అని. పువ్వు పోతే చెరువు పోతుంది, చెరువు పోతే ఆయన ఉంటారు. ఇందులో తప్పేముంది? ఓ జంతువు, దాని పేరు కూడా నాకు పలకడం రాదు. దాని కోసం మొగుణ్ణి పంపించుకోనా?

అలా పదకొండు రోజులు.

రెండుసార్లు సగం సగం నీళ్ళు మార్చారు. చెడు పీలుస్తుందని బొగ్గు సంచీ వేశారు. మార్చిన రోజు కాస్త విచ్చుకునేది, ఆయన ఫోన్ తీసి ఫొటో తీసేవారు. మర్నాటికి మళ్ళీ ముడుచుకునేది. ఎందుకు ముడుచుకోదు? పైసా అక్కడే ఉంది కదా. నేను రొయ్య ముక్క తరిగి ఇస్తూనే ఉన్నాను. అది తినకుండా ఉమ్మేస్తూనే ఉంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూసేవాళ్ళం. పాపం, బాధపడకండి అని వీపు మీద చెయ్యి కూడా వేశాను నేను. ఈ చెయ్యే.

రాగి మాట మళ్ళీ ఎత్తలేదాయన. నేను లేదన్నాను కదా, ఇక లేనట్టే. నా మాట మీద అంత నమ్మకం. రాగి కాకపోతే ఇంకేం మిగిలింది? ఆయన చెయ్యే మిగిలింది.

ఇవాళ పొద్దున్న తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. మళ్ళీ ముంచారు. మూడోసారి ముంచి నా వైపు చూశారు. ‘ఉప్పగా ఉంది, అంతే. ఎంతో తెలియడం లేదు మాణిక్యం. నాలిక కూడా పోయింది. సాయంత్రం హేచరీకి ఫోన్ చేసి సీడ్ వద్దని చెప్పేస్తాను.’

మరి నేను గెలిచినట్టే కదండీ? పదిహేను రోజుల క్రితం నేను కోరుకున్నది అదే. గబగబా వంట చేశాను, ఆయనకిష్టమని పనసపొట్టు కూర కూడా చేశాను. అన్నానికి రమ్మన్నాను. చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఎంతకీ రారు. వెళ్ళి చూస్తే కుళాయి కింద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డారు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేనొచ్చింది కూడా తెలీదు. గట్టు మీద పడిపోయిన రోజు కూడా ఆయన్ని అలా చూడలేదండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. మనిషిని ఇంట్లో ఉంచుకుందామనుకున్నాను. ఇంట్లో ఎవరున్నారిప్పుడు?

ఆయన కాస్త నడుం వాల్చాక మోచేతి దాకా తొట్టిలో చెయ్యి పెట్టి ఇసుకంతా కెలికాను. దొరికింది. తీస్తుంటే ఆ పువ్వు చివర నా చేతికి తగిలింది. చేతికి తగిలితే బంకలా పట్టుకోవాలి, అదే దాని ఆరోగ్యం అని ఆయన చెప్పేవారు. పట్టుకుందండి. కొంచెమే, కానీ పట్టుకుంది. ఆ తడి చేత్తోనే సీసాలో నీళ్ళు పట్టుకుని, ఆటో ఎక్కి మీ దగ్గరికొచ్చాను.

ఇదిగో చూడండి, ఈ రుమాల్లో ఉంది. ఎలా చిలుం పట్టిపోయిందో. పదిహేను రోజులకే ఇంత పచ్చగా.

ఏమంటున్నారు? బతుకుతుందా లేదా మీరు చెప్పలేరా? రొయ్య సంగతైతే చెప్తాను గానీ అంటారు. అవును లెండి. ఆయనకి తెలుస్తుంది. రాగి అని తెలిస్తే ఏం చెయ్యాలో ఆయనకే తెలుస్తుంది. ఆయనకి చెప్పాలంతే.

మళ్ళీ ఫోను. ఆయనే. నాలుగున్నరయింది కదూ? ఐదుకి హేచరీకి చేస్తానన్నారు. ఆ సీసా ఇటు తిప్పండి. రంగు వచ్చేసినట్టుందే? అదే కదండీ ఆ రంగు? మీరు చెప్పక్కర్లేదు, మీ మొహమే చెప్తోంది.

నేను ఇంటికెళ్ళి నోటితో చెప్పొచ్చు. చెప్పలేననే ఇక్కడికొచ్చాను. ఆయన ఎదురుగా నిలబడితే మళ్ళీ ‘లేదండీ’ అంటానేమో అని భయం. ఒకసారి అన్న నోరు కదా. మీ ముద్ర ఉన్న కాగితమైతే మార్చడానికి వీలుండదు. ఇందాక నా చేత్తోనే ఇద్దామని ఆయనకి పంపొద్దన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడే పంపండి, ఐదు కాకముందే.

కింద ‘వాడిన మందులు’ అని గడి ఉంది కదా? అది ఖాళీగా ఉంచకండి. రాయండి. రాగి పైసా, ఒకటి. పదిహేను రోజులు. తెలిసి ఉంచింది పదకొండు రోజులు. వేసినవారు అని గడి లేదా? అయితే పక్కన అంచు మీద రాయండి. రత్నమాణిక్యం. పూర్తి పేరే రాయండి, ఆయన ఆ పేరు చదివి చాలా కాలమైంది.

సీడ్ వద్దనరు ఇక. నాకు తెలుసు. చెయ్యి పోలేదని తెలిశాక ఆగుతారా? రేపట్నుంచి మళ్ళీ ఆ గట్టు, ఆ ఏరేటర్ల చప్పుడు. ఏం చేస్తాం, నా రాత. మీరు మాత్రం రోజుకోసారి అటు వెళ్ళి చూసి రండి, చెరువు గురించి కాదు, ఆయన మందులు వేసుకున్నారో లేదో అడగడానికి. నేనడిగితే ఇక నమ్ముతారో లేదో.

ఇంకో మాట. ఈ మూట కూడా మీ దగ్గర పెట్టుకోండి. ఇందులో ఇంకా పదహారు పైసాలున్నాయి. మా అమ్మమ్మవి, పారేయకండి, మీ బీరువాలో ఎక్కడో లోపల పెట్టి తాళం వేయండి. నేనొచ్చి అడిగినా ఇవ్వకండి. చెరువు వేశాక నాకు భయం వేస్తుందండి గణేష్‌బాబు గారూ, తప్పకుండా వేస్తుంది. మా చెరువు గట్టు ఇంటికి ఎంతో దూరం లేదు. ఆయన చేతికేం ఢోకా లేదు, నమ్మకం లేనిదల్లా నా చేతి మీదే.